కండోమ్ చిరిగింది, ఏ టెస్టు ఎప్పుడు చేయించుకోవాలి?

పేరెందుకులే
అందరికీ నమస్తే. హన్మకొండలో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం, వయసు 27, పెళ్లి కాలేదు. శనివారం రాత్రి ఒకామెతో కలిశాను. ఇద్దరికీ ఇష్టమయ్యే జరిగింది. కండోమ్ వాడాను గానీ మధ్యలో చిరిగింది, అంతా అయ్యాక చూసుకున్నాం. ఆమె ఆరోగ్యం గురించి నాకేమీ తెలియదు. ఈరోజు సోమవారం పొద్దున. నిన్నటి నుంచి ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాను. ఒక చోట 72 గంటలు అని ఉంది, ఒక చోట మూడు నెలలు అని ఉంది, ఇంకో చోట పది రోజులకే తెలిసిపోతుందని ఉంది. గొంతు కూడా కొంచెం నొప్పిగా ఉంది. నిజంగా ప్రమాదం ఎంత? ముందు ఎక్కడికి పోవాలి?

బ్రిడ్జికాడి_చాయ్
ముందు పెళ్లి చేసుకో తమ్మీ. అన్నీ సర్దుకుంటాయి.

కోటగుల్లు
పెళ్లి సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ఇక్కడ గడియారం నడుస్తోంది.

తమ్మీ, నేను కొన్నేళ్లు ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ టెస్టు చేసి సలహా ఇచ్చే ప్రభుత్వ కేంద్రంలో, కౌన్సెలర్‌గా పని చేశాను. మీరు చూసిన ఆ మూడు అంకెలూ అబద్ధం కావు. మూడూ వేర్వేరు సంగతులు. 72 గంటలు అనేది టెస్టు కోసం కాదు, మందు కోసం. దాన్ని పెప్ అంటారు. హెచ్‌ఐవీ ఒంట్లో పాతుకుపోకముందే ఆపడానికి 28 రోజులు వేసుకునే మాత్రలు. 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఆ గడువు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. శనివారం రాత్రి అంటున్నారు కాబట్టి మీకు మంగళవారం రాత్రి దాకా సమయం ఉంది. కానీ రేపటి దాకా ఆగకండి, ఈరోజే పొండి.

వరంగల్ ఎంజీఎం దవాఖానలో ఐసీటీసీ, ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) రెండూ ఉన్నాయి. సుఖవ్యాధుల క్లినిక్ కూడా ఉంటుంది, దాన్నే సురక్షా క్లినిక్ అంటారు. ఓపీ టైమ్‌లో పొండి. లోపల ఎవరూ మిమ్మల్ని వింతగా చూడరు, రోజూ చూసే కేసులే. ఒక విషయం ముందే చెబుతున్నా: ప్రభుత్వ సెంటర్లలో పెప్ మందు ముఖ్యంగా సూది గుచ్చుకున్న దవాఖాన సిబ్బందికీ, లైంగిక దాడికి గురైనవాళ్లకూ ఇస్తారు. మీలాంటి కేసులో డాక్టరు వివరాలు అడిగి నిర్ణయిస్తారు. అక్కడ ఇవ్వకపోతే ప్రిస్క్రిప్షన్ మీద బయట కొనుక్కోవచ్చు. మీకు మీరే మెడికల్ షాపుకు పోయి కొనుక్కోవద్దు. డాక్టరు హెచ్‌ఐవీ, కిడ్నీ, హెపటైటిస్ బి పరీక్షలు కూడా చూడాలి.

వెళ్లలేకపోతే 1097కు ఫోన్ చేయండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వాళ్ల హెల్ప్‌లైన్, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

పేరెందుకులే
థాంక్స్ అన్నా. పది గంటలకు బయలుదేరుతున్నా. పెప్ మందు నిజంగా అవసరమా? సైడ్ ఎఫెక్టులు ఎక్కువని చదివాను. అసలు ఒక్కసారికే అంటుకుంటుందా?

స్లైడు_అక్క
వరంగల్‌లోనే ల్యాబ్‌లో చేస్తాను. లెక్కలు చెబుతా, టెన్షన్ పక్కన పెట్టి చదువు తమ్ముడూ.

ఆమెకు హెచ్‌ఐవీ ఉంది, మందులు వాడటం లేదు అనుకుందాం. అప్పుడు కండోమ్ లేకుండా యోని ద్వారా కలిస్తే మగవాడికి అంటుకునే అవకాశం పది వేల సార్లలో 4 సార్లు. ఆడవాళ్లకైతే పది వేలలో 8. మలద్వారం ద్వారా అయితే లెక్క మారిపోతుంది. స్వీకరించేవాళ్లకు పది వేలలో 138 దాకా ఉంటుంది. నోటి ద్వారా అయితే చాలా తక్కువ.

ఇక ఆమెకు అసలు ఉందా లేదా? మన దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 0.2 శాతం దగ్గర. తెలంగాణలో అంతకన్నా ఎక్కువే గానీ అర శాతం లోపే. అర శాతమే అనుకుని పై లెక్కతో గుణిస్తే నీ కేసు ఐదు లక్షల్లో ఒకటి. ఇది సగటు లెక్క. ఎవరికైనా అక్కడ పుండు ఉన్నా, వేరే సుఖవ్యాధి ఉన్నా, రక్తం వచ్చినా పెరుగుతుంది. ఆమె చాలామందితో కలిసే మనిషైతే అర శాతం లెక్క పనికిరాదు. అందుకే పెప్ కావాలా వద్దా అనేది డాక్టరు నీ నోటితో విని తేల్చాల్సిందే. సైడ్ ఎఫెక్టులు పాతకాలం మందులతో ఎక్కువ. ఇప్పుడిచ్చేది సాధారణంగా టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రవిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. కొందరికి వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, చాలామంది తట్టుకుంటారు.

గొంతు నొప్పి శనివారానిది కాదు. హెచ్‌ఐవీ మొదటి లక్షణాలు వస్తే రెండు నుంచి నాలుగు వారాలకు వస్తాయి, రెండో రోజుకు రావు.

నీకు అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఇలా అడిగేవాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది హెచ్‌ఐవీ ఒక్కటే అడుగుతారు. ల్యాబ్‌కు వచ్చి "అక్కా ఆ ఒక్క టెస్టు చెయ్యండి" అంటారు. అంటుకునే అవకాశం దానికే తక్కువ. గనేరియా అనే సుఖవ్యాధి ఉన్న ఆమెతో ఒక్కసారి కలిసినా మగవాడికి అంటుకునే అవకాశం సుమారు ఐదింట ఒకటి. మగవాడి నుంచి ఆమెకైతే సగానికి పైనే. క్లమీడియా అనే ఇంకో సుఖవ్యాధి దానికంటే ఎక్కువమందిలో ఉంటుంది, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి, మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. "తగ్గిపోయింది" అని ఊరుకుంటే అది రక్తంలో ఉండనే ఉంటుంది, తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలుగా బయటపడుతుంది.

హెచ్‌ఐవీకి మాత్రమే భయపడి, మిగతావాటిని పట్టించుకోకపోవడం వల్ల నష్టపోయినవాళ్లను నేను ఎక్కువగా చూశాను.

పరకాల_బస్సు
ఇంత పొడుగు ఎందుకు అన్నా. మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు, ఒక ఇంజక్షన్, నాలుగు గోలీలు ఇస్తాడు. ముందుజాగ్రత్తకు మంచిదే కదా. నా దోస్తుకు అట్లనే తగ్గింది.

స్లైడు_అక్క
మీ దోస్తుకు తగ్గింది మంటా, చీమూ. రోగం తగ్గిందో లేదో ఎవరు చూశారు? ఆ నాలుగు గోలీలు చాలాసార్లు సిప్రోఫ్లాక్ససిన్ అయి ఉంటాయి. గనేరియా మీద అది పనిచేయడం మానేసి చాలా ఏళ్లయింది. సగం డోసు పడితే లక్షణం మాయమై క్రిమి మిగులుతుంది, టెస్టు కూడా సరిగ్గా రాదు. పైగా ఆ అబ్బాయి ఎవరితో కలిశాడో ఆమెకు మందు పడలేదు. మళ్లీ ఆమె దగ్గరి నుంచి తిరిగి వస్తుంది.

సురక్షా క్లినిక్‌లో సరైన మందు లక్షణాన్ని బట్టి రంగురంగుల ప్యాకెట్లలో ఇస్తారు. మూత్రనాళం నుంచి చీము వస్తే బూడిద రంగు కిట్, తెల్లబట్టకు ఆకుపచ్చది, పుండుకు తెల్లది, పొత్తికడుపు నొప్పికి పసుపుది. డోసు ముందే సరిగ్గా పెట్టి ఉంటుంది. డబ్బు తీసుకోరు.

పరకాల_బస్సు
సరే అక్కా, కోపం కాకు.

ఆటో_వాలా_నర్సంపేట
ఇంకో ఈజీ దారి ఉంది భయ్యా. బ్లడ్ బ్యాంకుకు పోయి రక్తం ఇయ్యి. వాళ్లు హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ అన్నీ ఫ్రీగా టెస్టు చేస్తారు. పుణ్యం కూడా వస్తది.

కోటగుల్లు
దయచేసి అలా చేయకండి. అంటుకున్న కొత్తలో క్రిమి రక్తంలో ఉంటుంది గానీ టెస్టుకు దొరకదు. ఆ రక్తం నెగిటివ్ అని దాటిపోయి బాలింతకో, తలసేమియా పిల్లాడికో ఎక్కితే ఏమిటి పరిస్థితి? రక్తం ఇచ్చే ముందు నింపే ఫారంలో ఇలాంటి సందర్భాల గురించి అడిగేది అందుకే. ఐసీటీసీలో టెస్టు ఎలాగూ ఉచితమే.

ఆటో_వాలా_నర్సంపేట
ఇది ఆలోచించలేదన్నా. తీసేస్తున్నా ఆ మాట.

స్లైడు_అక్క
తీయకు, ఉండనియ్యి. ఇంకొకరు అదే అడుగుతారు.

తమ్ముడూ, ఏ టెస్టు ఎప్పుడనేది ఇంకా చెప్పలేదు. ఈరోజు నువ్వు చేయించుకునే హెచ్‌ఐవీ టెస్టు శనివారం సంగతి చెప్పదు, అంతకుముందు సంగతి చెబుతుంది. అయినా చేయించుకో, తర్వాత పోల్చుకోవడానికి కావాలి. ల్యాబ్‌లో రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టు 45 రోజులకు నెగిటివ్ వస్తే నమ్మొచ్చు. వేలికి గుచ్చి చేసే ర్యాపిడ్ కిట్ అయితే 90 రోజులు ఆగాలి. నువ్వు చదివిన పది రోజుల మాట వైరస్‌నే నేరుగా వెతికే ఎన్‌ఏటీ గురించి. అది పది రోజుల నుంచి 33 రోజుల మధ్య దొరకొచ్చు, ఖరీదు ఎక్కువ, నీకు అవసరం లేదు. పెప్ వేసుకుంటే మాత్రం ఈ గడువులు వెనక్కి జరుగుతాయి, డాక్టరు రాసిచ్చిన తేదీలే పాటించు.

గనేరియా, క్లమీడియాకు రెండు వారాల తర్వాత మూత్రం ఇవ్వు. కనీసం గంట సేపు మూత్రం పోయకుండా ఉండి, మొదట వచ్చేది పట్టాలి. చాలామంది మొదటిది వదిలేసి మధ్యలోది పడతారు, అది వేరే టెస్టుకు. మన దగ్గర చాలా ల్యాబులు ఈ శాంపిల్‌ను హైదరాబాద్ పంపుతాయి, రిపోర్టు ఆలస్యమైతే కంగారుపడకు. చీము, మంట ముందే వస్తే రెండు వారాలు ఆగొద్దు. సిఫిలిస్‌కు వీడీఆర్‌ఎల్ అనే రక్తపరీక్ష ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి.

హెపటైటిస్ బి టీకా పడిందా నీకు? మన దేశంలో పిల్లలందరికీ ఆ టీకా ఇవ్వడం 2011 నాటికి గానీ పూర్తిగా మొదలవలేదు. 90ల్లో పుట్టినవాళ్లలో చాలామందికి ప్రైవేటుగా వేయిస్తే తప్ప పడలేదు. ఇప్పుడు మొదటి డోసు వేయించుకుంటే శనివారం సంగతికి కూడా ఎంతో కొంత కాపు. తర్వాత నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి.

మంచిర్యాల_పిల్ల
అక్కా, ఇదంతా అబ్బాయిల కోసమే రాసినట్టుంది. నాదీ దాదాపు ఇలాంటి కేసే, కానీ నాకు గర్భం భయం కూడా ఉంది. మా దగ్గర దవాఖానకు పోతే ముందు "భర్త ఏం చేస్తాడు" అని అడుగుతారు. ఏం చెప్పాలి?

స్లైడు_అక్క
అడుగుతారమ్మా, అబద్ధం చెప్పలేను. "పెళ్లి కాలేదు, లేడీ డాక్టరును చూపించండి" అని ఒక్క మాట చెప్పు, ఆపైన వివరణ ఇవ్వాల్సిన పని లేదు.

గర్భం సంగతి ముందు. ఎమర్జెన్సీ మాత్ర 72 గంటల లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది. కాపర్ టీ అయితే ఐదు రోజుల లోపు వేయించుకున్నా పనిచేస్తుంది. ఆ మాత్ర వేసుకుంటే ఇన్‌ఫెక్షన్ కూడా రాదని కొందరు అనుకుంటారు, రెంటికీ సంబంధమే లేదు.

ఆడవాళ్లకు ఇందులో అన్యాయం ఏమిటంటే, అంటుకోవడం సులువు, కనబడటం కష్టం. క్లమీడియా, గనేరియా గర్భాశయం మెడ దగ్గర చప్పుడు లేకుండా ఉండిపోతాయి. నెలల తర్వాత గొట్టాల దాకా పోయి పొత్తికడుపు నొప్పి, ఆ తర్వాత పిల్లలు పుట్టకపోవడం. అప్పుడు ఆ అమ్మాయినే నిందిస్తారు. తెల్లబట్ట రంగు, వాసన మారినా, నెలసరి మధ్యలో మరకలు కనిపించినా, కలిసినప్పుడు నొప్పి ఉన్నా చూపించుకో. ఏమీ లేకపోయినా రెండు వారాలకు స్వాబ్ టెస్టు చేయించుకో.

మంచిర్యాల_పిల్ల
సరే అక్కా. మా చెల్లెలిని తీసుకుని రేపే పోతాను.

మానేరు_గట్టు
నేను మగవాళ్లతో కలుస్తాను. ఇక్కడ రాయొచ్చో లేదో అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నా. మూత్రం టెస్టు ఒక్కటి చాలా?

కోటగుల్లు
నిరభ్యంతరంగా రాయండి. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో అది నేరం కూడా కాదు, దవాఖానలో దాచాల్సిన పని లేదు.

మూత్రం ఒక్కటే చాలదు. గనేరియా, క్లమీడియా గొంతులో, మలద్వారంలో ఉండి మూత్రంలో దొరకకపోవచ్చు. ఏ రకంగా కలిశారో చెబితే అక్కడి నుంచి స్వాబ్ తీస్తారు. చెప్పకపోతే తీయరు, రిపోర్టు నెగిటివ్ అని మీరు సంతోషపడతారు. సిఫిలిస్ మూడు నెలలకోసారి చూపించుకోవడం మంచిది. తరచూ కలిసే అలవాటుంటే ప్రెప్ గురించి డాక్టరును అడగండి, అది ముందుగా వేసుకునే మాత్ర. పెప్, ప్రెప్ ఒకటి కావు.

వేదిక_నిర్వాహకుడు
"సుఖవ్యాధులకు మూడు రోజుల్లో గ్యారంటీ వైద్యం, పార్శిల్ పంపబడును" అని ఫోన్ నంబర్‌తో వచ్చిన రెండు పోస్టులు తొలగించాం. మళ్లీ పెడితే ఖాతా మూసేస్తాం.

పేరెందుకులే
వచ్చేశాను. రాత్రి రాద్దామనుకున్నా గానీ ఆగలేకపోతున్నా.

ముందు కౌన్సెలర్ మేడమ్ కూర్చోబెట్టి అడిగారు. టెస్టుకు సంతకం తీసుకున్నారు. కార్డు మీద నంబరు రాసి ఇచ్చారు. హెచ్‌ఐవీ నెగిటివ్, పాతదాని గురించే అని ఆమె కూడా చెప్పారు. డాక్టరు గారు శనివారం కలిసిన ఆమెకు ఫోన్ చేసి అడగమన్నారు. చెమటలు పట్టాయి. బయటికొచ్చి చింతచెట్టు కింద నిలబడి చేశాను. "నీ ఆరోగ్యం ఎలా ఉంది" అనడానికి బదులు "నేను టెస్టు చేయించుకుంటున్నా, కండోమ్ చిరిగింది కదా, నువ్వు కూడా చేయించుకుంటావా" అన్నాను. ఆమె కోప్పడలేదు. తనకూ అదే భయం ఉందట, నాకు ఏముందో అని! నేను ఆ వైపు ఆలోచించనే లేదు. సాయంత్రం తన టెస్టు. డాక్టరు గారు పెప్ రాశారు, ఆమె రిపోర్టు చూసి కొనసాగించాలా ఆపాలా చెబుతామన్నారు. మొదటి మాత్ర వేసుకున్నా. టీకా కూడా పడింది.

కోటగుల్లు
మంచి పని చేశారు. ఆమె ఇటీవల ఎవరితోనైనా కలిసి ఉంటే తన నెగిటివ్‌కు కూడా అదే గడువు వర్తిస్తుంది. ఆ సంగతి డాక్టరుతో చెప్పండి, రిపోర్టు చూసి మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. టెస్టులు అయ్యేదాకా ఎవరితో కలిసినా కండోమ్ తప్పనిసరి.

ఆ సంతకం సంగతి మిగతావాళ్లకు చెబుతా. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మీ అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితాన్ని ఇంకొకరికి చెప్పకూడదు. "మా మేనమామ అదే దవాఖానలో అటెండర్" అని భయపడేవాళ్లు చాలామంది. అలాంటప్పుడు పక్క జిల్లాకు పోయి చేయించుకున్నా తప్పు లేదు, కరీంనగర్‌లోనూ సెంటర్ ఉంది.

పేరెందుకులే
మూడు వారాలైంది. ఆమె రిపోర్టులన్నీ నెగిటివ్. అయినా గడువు కారణంగా డాక్టరు గారు కోర్సు పూర్తి చేయమన్నారు, చేస్తున్నా. నాకు మూత్రం టెస్టులో క్లమీడియా వచ్చింది. ఆమెకు లేదు కాబట్టి ఇది పాతదే అయ్యుండాలి అన్నారు. మందు ఇచ్చారు. కానీ నిన్నటి నుంచి జ్వరం, ఒళ్లు నొప్పులు. సరిగ్గా మూడు వారాలకే! మళ్లీ మొదలైంది టెన్షన్.

స్లైడు_అక్క
ఆగస్టులో వరంగల్‌లో జ్వరం రాని ఇల్లు ఉందా? ముందు డెంగీ, మలేరియా చూపించుకో. జ్వరాన్ని చూసి హెచ్‌ఐవీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. నువ్వు పెప్ మీద ఉన్నావు, ఆమె నెగిటివ్. పెప్ వేసుకుంటున్నట్టు ఆ డాక్టరుకు తప్పకుండా చెప్పు, మందులు కలవకుండా చూస్తారు.

క్లమీడియా దొరకడం మంచిదైంది. మందు పూర్తయ్యాక ఏడు రోజులు ఎవరితోనూ కలవకు. ఆమె టెస్టు మీరు కలిసిన మూడో రోజుది, అంత తొందరగా చేస్తే నీ నుంచి అంటినా దొరకదు. కాబట్టి ఆమెకు చెప్పు, మళ్లీ చూపించుకుని మందు వేసుకోవాలి. అంతకుముందు ఆమెను నువ్వు ఎలా అడిగావో అలాగే పాత స్నేహితురాలికి కూడా చెప్పు, ఇద్దరికీ కబురు పోవాలి.

పేరెందుకులే
డెంగీయే అక్కా. ప్లేట్‌లెట్లు చూస్తున్నారు. ఇద్దరికీ మెసేజ్ పెట్టాను. ఒకరు థాంక్స్ అన్నారు, ఒకరు బ్లాక్ చేశారు.

జగిత్యాల_టు_షార్జా
అన్నా, అక్కా, ఈ చర్చ అంతా చదివాను. నా సమస్య వేరే. రెండేళ్ల కిందట ముంబైలో సిఫిలిస్ వచ్చింది, ఇంజక్షన్ చేశారు, తగ్గింది. వచ్చే నెల గల్ఫ్ మెడికల్ ఉంది. మొన్న ముందుజాగ్రత్తకు టెస్టు చేయించుకుంటే టీపీహెచ్‌ఏ (సిఫిలిస్ రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది. మళ్లీ వచ్చిందా? అప్పు చేసి వీసా డబ్బులు కట్టాను.

స్లైడు_అక్క
మళ్లీ వచ్చిందని ఆ ఒక్క కాగితంతో చెప్పలేం. టీపీహెచ్‌ఏ ఒకసారి పాజిటివ్ అయితే మందు వాడి పూర్తిగా తగ్గినా జీవితాంతం అలాగే రావొచ్చు. ఇప్పుడు రోగం ఉందో లేదో చూడాలంటే వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ చేసి, అందులో 1:4, 1:8 అని వచ్చే టైటర్ చూస్తారు (రెండో అంకె ఎంత పెద్దదైతే రక్తంలో యాంటీబాడీలు అంత ఎక్కువ). అప్పటి టైటర్‌కు ఇప్పటిది నాలుగో వంతుకో అంతకన్నా తక్కువకో పడిపోతే మందు పనిచేసినట్టు. నాలుగు రెట్లు పెరిగితే మళ్లీ అంటుకున్నట్టు.

ముంబై కాగితాలు ఉన్నాయా?

జగిత్యాల_టు_షార్జా
ఇంజక్షన్ చీటీ ఉంది. టైటర్ రిపోర్టు రూములో పోయింది.

కోటగుల్లు
ఆ ల్యాబుకు ఫోన్ చేసి పాత రిపోర్టు కాపీ అడగండి, చాలా ల్యాబులు కంప్యూటర్లో ఉంచుతాయి. ఈలోగా జగిత్యాలలో చర్మవ్యాధుల డాక్టరును కలిసి ఆర్‌పీఆర్ టైటర్ చేయించి, చికిత్స పూర్తయిందని ఉత్తరం రాయించుకోండి. మెడికల్ సెంటరువాళ్లు ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను, వాళ్ల నియమాలు వాళ్లవి. కానీ కాగితం లేకుండా పోయి కూర్చోవడం కంటే నయం. ఏజెంటుకు మాత్రం ముందే చెప్పకండి.

జగిత్యాల_టు_షార్జా
ల్యాబువాళ్లు వాట్సాప్‌లో పంపారన్నా. అప్పుడు 1:32. ఇక్కడ రేపు రక్తం ఇస్తున్నా.

స్లైడు_అక్క
వచ్చాక ఇక్కడే పెట్టు, చూద్దాం.